విబూది పెట్టిన వైరు

నేను చీపురు పట్టుకుంటే మా ఆయన మగ్గం ఆపి వీధిలోకి పోయేవాడు. పోకుండా కూర్చుంటే ఇక ఆ పూట అంతే. ఛాతీలో ఈల వేసినట్టు ఒక శబ్దం మొదలయ్యేది. మాట మధ్యలో తెగిపోయేది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, వంగి, ఊపిరి ఎప్పుడు దొరుకుతుందా అన్నట్టు నేలకేసి చూసేవాడు. డాక్టరమ్మ పరీక్ష చేసి ఒక్క ముక్కలో తేల్చేసింది, దుమ్ముకు దూరంగా ఉండాలని. ధర్మవరంలో, రేకుల ఇంట్లో, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని పొద్దస్తమానం పట్టు నేసే మనిషికి, ఆషాఢం గాలి ఊరి దుమ్మంతా లేపి పోస్తున్న రోజుల్లో, ఆ మాట చెప్పింది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఆమె తప్పేమీ లేదని తెలిసీ వచ్చింది.

ఊడవడం మానేసి తడిగుడ్డతో తుడవమంది. అదీ చేశాను. గుడ్డ విదిలిస్తే ఒక్క చుక్క పోయి మగ్గం మీదున్న మీగడ రంగు పట్టు మీద పడింది. పట్టు మీద నీటిచుక్క ఆరినా మచ్చ ఆరదు. చీర తీసుకునే సావుకారు ట్యూబులైటు కింద పరిచి, ఆ మచ్చ దగ్గరే వేలు పెట్టాడు. ఆ తర్వాత మగ్గం దరిదాపుల్లో నీళ్ళు పెట్టనివ్వలేదు మా ఆయన. ఊడిస్తే ఊపిరాడదు, తుడిస్తే చీర పోతుంది. మగ్గం ఆపితే ఇంట్లో పొయ్యి వెలగదు. నేనేమో ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను.

అప్పుడు వచ్చింది ఆ మిషను. మా చెల్లెలు బెంగళూరులో ఇళ్ళలో పని చేస్తుంది. ఆమె పని చేసే ఇంటావిడ కొత్తది కొనుక్కుని పాతది ఈమెకిస్తే, ఈమె ఊరికి వచ్చినప్పుడు నాకిచ్చి పోయింది. చేత్తో పట్టుకునే చిన్న వ్యాక్యూమ్ క్లీనర్. వైరు ఉండదు, సెల్‌ఫోనులాగా ఛార్జింగు పెట్టి వాడుకోవాలి. మంచి సొరకాయంత ఉంటుంది. మీట నొక్కితే రొదపెడుతూ దుమ్మంతా కడుపులోకి లాక్కుంటుంది. మూతికి పాత దోమతెర ముక్క కట్టాను, పోగులు లాక్కోకుండా. గుంతలో, గుంత గట్టు మీద, మగ్గం పైనుండే, డిజైను పోగులు లేపే జాకార్డు పెట్టె మీద, కిటికీ చువ్వల మధ్య, దుమ్మున్న చోటల్లా దాన్ని తిప్పాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం గాలి తగ్గాక మళ్ళీ ఒకసారి. ఒక్క రేణువు గాల్లోకి లేవలేదు. మా ఆయన వీధిలోకి పోకుండా, కూర్చున్నచోటే కూర్చుని వేడుక చూశాడు.

కొద్ది రోజుల్లోనే ఈల తగ్గింది. నిజంగా తగ్గింది, నేను ఊహించుకున్నది కాదు. రాత్రి పడుకుని మాట్లాడుతూ ఒక వాక్యం మొదలుపెడితే చివరిదాకా చెప్పగలిగాడు. ఇక మాకు భయం లేదనుకున్నాను. పక్కింటివాళ్ళకు కూడా చెప్పుకున్నాను, అదే తప్పయింది కాబోలు.

మిషను నీరసపడటం మొదలైంది. మొదట్లో ఇల్లంతా అయ్యేదాకా పని చేసింది. తర్వాత గుంత ఒక్కటే అయ్యేది. తర్వాత పాలు పొంగేంతసేపు కూడా నిలవలేదు. చివరికి మీట నొక్కితే ఒక నిట్టూర్పు విడిచి ఊరుకుంది. రాత్రంతా ఛార్జింగులో పెట్టినా అంతే. దుమ్ము మళ్ళీ గట్టెక్కి కూర్చుంది. ఈల కూడా తిరిగొచ్చింది.

బజారులో మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసే అంగడి ఉంది. అక్కడికి పట్టుకుపోయాను. అతను విప్పి చూడకుండానే పెదవి విరిచాడు.

"దీని బ్యాటరీలు యాడా దొరకవక్కా. ఈ మోడలే ఆపేసినారు. పారేసి కొత్తది తీసుకో."

"మోటారు బాగుండాదా లేదా?"

"మోటారుకేమి, దివ్యంగా ఉండాది."

"మరి పారేసేదేంది? కాళ్ళు సక్కగుండే ఎద్దును మేత లేదని పారేస్తారా?"

"మా కరువులో అదీ జేసినారులేక్కా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మిషను లాక్కుని వచ్చేశాను.

ఇంటికొచ్చి జాకార్డు బిగించే స్క్రూడ్రైవరుతో నేనే విప్పాను. లోపల బొటనవేలంత బ్యాటరీలు వరసగా పేర్చి ప్లాస్టిక్కు తొడుగులో బిగించి ఉన్నాయి. కొన్నిటి కొనల దగ్గర తెల్లగా ఉప్పు పూసినట్టు పొడి కారి ఉంది. తొడుగు మీద పన్నెండు వోల్టులు అని రాసి ఉంది. ఇంట్లో వైఫై డబ్బాకు పెట్టే అడాప్టరు మీద కూడా పన్నెండే రాసి ఉండటం చూసి ఎగిరి గంతేసినంత పనైంది. చచ్చిన బ్యాటరీలు తీసేసి, ఆ అడాప్టరు వైరు కోసి, మోటారుకు తగిలించాను. అది మూలిగింది. తిరగలేదు. మళ్ళీ మళ్ళీ నొక్కాను. చివరికి అడాప్టరు మీద లైటు కూడా ఆరిపోయింది. ఇంట్లో వైఫై కూడా పోయింది.

మళ్ళీ అంగడికే పోవాల్సి వచ్చింది. అతను ఈసారి కొంచెం శ్రద్ధగా చూశాడు. "వోల్టు ఒకటే అయితే చాలదక్కా. కొళాయిలో నీళ్ళు సన్నంగా వస్తాంటే బిందె ఎప్పుడు నిండల్ల? ఈ మోటారు ఒక్కసారిగా జాస్తి లాగుతాది. దీనికి గట్టి బ్యాటరీ గావల్ల. మందు కొట్టే మిషను ఉంటాదే రైతులకాడ, దాంట్లోది పన్నెండే..."

అతని మాట పూర్తయ్యేలోపే నేను బస్టాండు దారి పట్టాను.

మా పుట్టిల్లు కదిరి వైపు. వేరుశెనగ తప్ప ఇంకో పంట ఎరగని ఊరు. ఆ ఏడు దుక్కి దున్ని, విత్తనాలు మూటకట్టి, వాన కోసం అందరూ ఆకాశం కేసి చూసుకుంటూ కూర్చున్నారు. మా నాయన అరుగు మీద ఉన్నాడు. వీపుకు తగిలించుకుని మందు కొట్టే మిషను గోడ మేకుకు వేలాడుతోంది. దాని కింది అరలో ఇటుకంత నల్లటి బ్యాటరీ. నేను కుండలో నీళ్ళు కూడా తాగకుండా అడిగాను.

"నాయనా, ఆ బ్యాటరీ నాకు గావల్ల."

"ఏంటికిమా?"

చెప్పాను. అల్లుడి ఆయాసం సంగతి ఆయనకు తెలుసు. గోడకున్న మిషను కేసి చూశాడు. "వానే లేదు, పైరు యాడుండాది, పురుగు యాడుండాది? తీసకపో. పైరొస్తే మటుకు నాకియ్యల్ల."

"ఇస్తాలే" అన్నాను. బియ్యం సంచిలో వేసి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. దారంతా ఆ బరువుకు తొడలు తిమ్మిరెక్కాయి. అయినా దించి కాళ్ళ దగ్గర పెట్టబుద్ధి కాలేదు.

వచ్చీ రాగానే పనిలో దిగాను. పాడైన మిక్సీ వైరు ఒకటి కోసి, బ్యాటరీకీ మిషనుకీ కలిపాను. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి, అందులో పొరపాటు చేయలేదు. వైర్ల కొనలు పేనాను. పేనడం నాకు ఇప్పుడు కొత్తగా ఒకరు నేర్పాల్సిన పని కాదు.

ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. మగ్గం మీద ఒక వార్పు, అంటే పడుగు, అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలు అలాగే ఉంచి, కొత్త వార్పు పోగులు ఒక్కొక్కటీ వాటికి అతుకుతాం. ముడి వేయం. పాత కొస, కొత్త కొస పక్కపక్కన పెట్టి, వేళ్ళకు కాస్త విబూది అద్దుకుని పేనుతాం. విబూది లేకపోతే పట్టు జారిపోతుంది. మగ్గం పక్కన ఎప్పుడూ ఒక కొబ్బరిచిప్పలో విబూది ఉంటుంది. శెనక్కాయల ఊరినుంచి వచ్చిన నాకు ఈ పని మా అత్త నేర్పింది. నేయడం కూడా నేర్పింది గానీ, గుంతలో కదలకుండా కూర్చోవడం నావల్ల కాలేదు. అతకడం మాత్రం చేతికి వచ్చింది. మా వీధిలో ఎవరి వార్పు అతకాలన్నా నన్ను పిలుస్తారు. నేను అతికిన పోగు తెగదు.

వైర్ల కొసలు పట్టుకోగానే నా వేళ్ళు వాటంతట అవే కొబ్బరిచిప్పలోకి పోయాయి. అద్దుకున్నాయి. పేనాయి. ఆ సంగతి నేను గమనించనే లేదు. పైన నల్ల టేపు చుట్టాను.

మీట నొక్కితే మిషను గట్టిగా అరిచింది. కొత్తలో కూడా అంత గట్టిగా అరవలేదు. నేను చప్పట్లు కొట్టాను. మా ఆయన గుంతలోంచే నవ్వాడు. బ్యాటరీ సంచి భుజానికి తగిలించుకుని, మిషను చేత్తో పట్టుకుని, యుద్ధానికి పోతున్నదానిలా గుంత చుట్టూ తిరిగాను. కాసేపటికి ఆగింది. వైరు కదిపితే మళ్ళీ తిరిగింది. మళ్ళీ ఆగింది. నేను విసుక్కుంటూ వైరు ఇటూ అటూ లాగాను. మగ్గం మీది పట్టుకు జానెడు దూరంలో టేపు కరిగి, లోపల చిటచిటమని నిప్పురవ్వ కనపడింది. నేను అలాగే నిలబడిపోయాను. మా ఆయన గుంతలోంచి లేచి సంచీ వైరు పట్టుకుని పెరికేశాడు. ఆ ఒక్క విసురుకే ఆయాసం పట్టుకుంది. ఒక పక్క కాలిన ప్లాస్టిక్కు వాసన, ఒక పక్క ఆయన ఈల. చీరకు ఏమీ కాలేదు. నేను ఏడుస్తూ ఆయన వీపు రాశాను.

మర్నాడు మళ్ళీ అంగడికి పట్టుకుపోతే, అతను టేపు విప్పి, వైరు కొస వేలితో రుద్దుకుని, వాసన చూసి, నావైపు నోరెళ్ళబెట్టాడు.

"ఏందక్కా ఇది? బూడిద?"

నాకు అప్పుడు తట్టింది. వేళ్ళు చూసుకున్నాను. గోళ్ళ సందుల్లో ఇంకా ఉంది.

"విబూది" అన్నాను.

"కరెంటుకు విబూది పెట్టినావా?" అంగడిలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అరిచాడు. "అన్నా, ఈయక్క వైరుకు పూజ జేసింది సూడండి! బూడిదలో కరెంటు పోదక్కా, సందులో ఆగిపోతాది, ఆడ కాల్తాది!"

అక్కడున్న ఒక నేతాయన మాత్రం నవ్వలేదు. తన వేళ్ళు ఒకసారి చూసుకుని, "నేనైనా అదే జేసిండేవాణ్ణి" అన్నాడు. దాంతో నా పరువు కాస్త నిలబడింది.

అంగడతను వైర్లు శుభ్రంగా గీకి, సీసం కరిగించి అతికాడు. ఎక్కువ కరెంటు లాగితే తెగిపోయేలా మధ్యలో ఫ్యూజు పెట్టాడు. మందు కొట్టే మిషను ఛార్జరు కూడా నాయన అప్పుడే ఇచ్చి ఉన్నాడు కాబట్టి ఇబ్బంది లేదు. ఆ రోజు నుంచి మిషను ఆగలేదు. మధ్యాహ్నం గాలి తగ్గగానే భుజాన సంచితో నేను బయలుదేరేదాన్ని. మా వీధి ఆడవాళ్ళు "మందు కొట్టను పోతాండావా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఈల మళ్ళీ తగ్గింది, మొదటిసారి తగ్గినంత కాకపోయినా. నేను దాన్ని పట్టించుకోలేదు. తగ్గిందంతే అనుకున్నాను.

అయినా నాకు నిలకడ లేదు. మధ్యాహ్నం మబ్బు కనిపిస్తే మనసు పీకేది. వాన పడితే నాయన విత్తుతాడు, పైరొస్తుంది, పురుగొస్తుంది, బ్యాటరీ పోతుంది. ఈ నేలమీద పుట్టి వాన వద్దనుకున్న మనిషి ఇంకొకరు ఉంటారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం వద్దనుకున్నాను. నాయన ఫోనుచేసి "ఈ పొద్దు కూడా వాన తప్పించుకునె" అంటే, "అయ్యో" అని పైకి అనేదాన్ని. లోపల హాయిగా ఉండేది.

శ్రావణంలో వాన పడింది. మా రేకుల మీద కూడా పడింది. వీధి వీధంతా బయటకొచ్చి తడిసింది. నేను లోపల మిషను దగ్గరే కూర్చున్నాను.

పైరు లేచి ఆకులు విప్పుకున్నాక నాయన ఒకరోజు పొద్దున్నే వచ్చాడు. ముందు ఫోను చెయ్యలేదు. ఫోను చేస్తే నేను ఏదో ఒకటి చెబుతానని ఆయనకు తెలుసు.

"పచ్చపురుగు పడిందిమా. బ్యాటరీ ఇయ్యి."

"ఒక వారం ఆగు నాయనా. నేను కొత్తది సూస్తా."

"పురుగు వారం ఆగుతాదా? ఆకంతా జల్లెడ జేస్తాంది."

"ఈడ మనిషి ఊపిరి ఆగిపోతాది! నీకు పైరే ఎక్కువైందా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నాయన మొహం మాడిపోయింది. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అరికాలి మంట నెత్తికెక్కి నేను ఇంకేదో అనబోతుంటే, మా ఆయన గుంతలోంచి పైకి వచ్చాడు. సంచి విప్పి, వైర్లు ఊడదీసి, బ్యాటరీ తెచ్చి నాయన చేతుల్లో పెట్టాడు.

"తీసకపో మామా. నాకు దీంతో పని లేదు."

"పని లేకపోవడమేంది?" అన్నాను నేను. "నేను ఇప్పుడే అంగడికి పోయి ఇంగోటి తెస్తా."

"ఏమీ తేవద్దు. నేను ఇంగ గుంతలో దిగను."

"దిగవా?"

"పుట్టపర్తిలో లాడ్జీకాడ మనిషి గావల్లంటే మాట్లాడొచ్చినా. కుర్చీలో కూర్చునేది, వచ్చినోళ్ళకు గది తాళాలిచ్చేది. పొద్దున బస్సుకు పోతా, రేత్రికి వస్తా."

ఎప్పుడు పోయాడు, ఎప్పుడు మాట్లాడాడు, నాకు తెలియనే తెలియదు. ఇన్ని నెలలు బస్సులెక్కి, అంగళ్ళ చుట్టూ తిరిగి, వైర్లు కాల్చుకుని, ఎవరికోసం చేశాను? ఆయన కొత్త చొక్కా వేసుకుని పుట్టపర్తి బస్సెక్కేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఎక్కుతున్నప్పుడు కూడా మాట్లాడలేదు. మోసం చేశాడనే అనుకున్నాను.

ఆయన పోయిన పొద్దున ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను. సగం నేసిన చీర మగ్గం మీద ఉంది, సావుకారు ఎదురుచూస్తున్నాడు. చీర ఎవరో ఒకరు పూర్తి చేయాలి. కోపంతోనే గుంతలో దిగాను. ముందు గుంత చుట్టూ, గట్టు మీద వేలితో రాసి చూశాను. మిషను లేక నిన్న నేను పొడిగుడ్డతో ఒత్తి తుడిచిన నేల నున్నగా ఉంది. ఇంత శుభ్రంగా పెడితే కూర్చోలేకపోయాడా అనుకుంటూ, అడ్డపోగును మోసే నాడె విసిరాను. పోగు బిగిసేలా పలకతో దెబ్బ వేశాను.

ఎదురుగా కిటికీలోంచి ఎండ పడుతోంది. నేను ఇన్నేళ్ళూ నిలబడి చూసిన మగ్గమే. కూర్చుని, గడ్డం పట్టుకు దగ్గరగా పెట్టి, కిటికీకి ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. దెబ్బ వేసిన ప్రతిసారీ పోగుల మీదినుంచి సన్నటి నూగు లేచింది. పైన జాకార్డు తాళ్ళు ఒకదానితో ఒకటి రాసుకుని అక్కడినుంచి ఇంకొంత దిగింది. అది నేల మీద పడటం లేదు. ఎండలో తేలుతూ సరిగ్గా నా ముక్కు ముందుకు వచ్చి ఆగింది. నేను ఊపిరి పీల్చినప్పుడు నా వైపు వచ్చింది. నా మిషను నేలమీద పడినదాన్నే లాగింది. ఆయన ముక్కు ముందున్నది ఎప్పుడూ అక్కడే ఉంది. దాన్ని లేపుతున్నది గాలి కాదు, ఆషాఢం కాదు. ఆయన నేస్తున్న చీర. ఎంత నేస్తే అంత లేస్తుంది.

నాడె చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. నా జీవితంలో కదలకుండా అంతసేపు కూర్చున్నది అప్పుడే. ఏడుపు వచ్చింది. ఆయన మీది కోపంతో కాదు.

రాత్రి బస్సు దిగి వచ్చాక అన్నం పెట్టాను. తిన్నంతసేపూ ఏదో చెబుతూనే ఉన్నాడు. ఎవరో తమిళంలో మాట్లాడితే ఇతను తెలుగులో జవాబు చెప్పాడట, ఎవరో తాళం పారేసుకున్నారట. మాట ఎక్కడా తెగలేదు. నేను చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"ఈ పొద్దు గుంతలో కూర్చుంటి. కిటికీ ఎండలో సూస్తి. అంత నూగు ముక్కుకాడే ఉంటే, ఇన్ని దినాలు నాతో ఒక్క మాటైనా చెప్పలేదు ఏంటికి?"

ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"చెప్పింటే నువ్వు ఇంగా పెద్ద బ్యాటరీ తెచ్చిండేదానివి" అన్నాడు.

నిజంగానే తెచ్చి ఉండేదాన్ని.